మూత్రపిండములు చేయు పని

మన ఇండ్లలో మూత్రమను మాటను నలుగురిలో పలుకరు. పిల్లలను "ఒంటికి వెళ్లివచ్చితివా" అని అడుగుదురు. పెద్దలు లఘుశంక అని చెప్పి తప్పించుకొందురు. మర్యాద మంచిదే. కాని ఈ మర్యాద వైద్యుని గదిలోనికి గూడ మన వెంట వచ్చుచున్నది. తలనొప్పిని గూర్చియు అజీర్ణమును గూర్చియు అరగంట చెప్పగలిగిన మనుష్యుడు, రాత్రి నాలుగుమారులు లేవవలసి వచ్చుచున్నదనియు, మూత్రము నురుగు గట్టుచున్నదనియు చెప్పుటకు సిగ్గుపడును. వైద్యునకు అన్నిటికంటె ముఖ్యముగా కావలసినవి ఆ రెండు మాటలే కావచ్చును. కనుక ఈ పూట మనము ఆ సిగ్గును కొంతసేపు గుమ్మము బయట నిలిపి, మూత్రమును తయారుచేయు అవయవములను గూర్చి మాటలాడుకొందము.

మూత్రపిండములు ఎక్కడ ఉన్నవని అడిగినచో చాలమంది నడుము మీద చేయి వేయుదురు. నిజమునకు అవి అంతకంటె పైన, వెన్నెముకకు ఇరువైపుల, చివరి ప్రక్కటెముకల చాటున, ప్రేగులన్నిటికి వెనుకగా ఉన్నవి. కుడివైపు దాని మీద కాలేయము కూర్చుండుట వలన అది ఎడమదానికంటె కొంచెము దిగువగా ఉండును. ఆకారము జీడిగింజను పోలియుండును. పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. బరువు ఒక్కొక్కటి 150 గ్రాములకు అటునిటుగా. బిందె ఎత్తినప్పుడో, మూట మోసినప్పుడో నడుము పట్టిన వెంటనే మూత్రపిండములు చెడిపోయినవని భయపడువారు కలరు. ఆ నొప్పి సాధారణముగా కండరములది, వెన్నుపూసలది. చెడిపోవుచున్న మూత్రపిండము చాలవరకు నొప్పి పుట్టించదు. ఈ మాటను శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీనికి మరల వత్తుము.

గుండె నిమిషమునకు సుమారు అయిదు లీటర్ల నెత్తురును శరీరమంతటికి పంపును. అందులో ఒక లీటరుకు పైగా, అనగా అయిదవ వంతుకు తక్కువ కాకుండ, ఈ రెండు చిన్న అవయవములలోనికి పోవును. శరీరపు బరువులో ఇవి ఇంచుమించు రెండువందవ వంతు మాత్రమే. ఇంతటి వాటా వీనికి తిండి కొరకు కాదు, పని కొరకు. చాకలిరేవునకు ఊరిలోని బట్టలన్నియు వచ్చినట్లు, శరీరములోని నెత్తురంతయు మరల మరల ఇక్కడికి రావలసినదే.

ఆ పని ఎట్లు జరుగునో తెలిసికొనుటకు మనుష్యులకు రెండున్నర శతాబ్దములకు పైగా పట్టినది. 1666లో ఇటలీ దేశస్థుడు మార్చెల్లో మాల్పీగీ సూక్ష్మదర్శినితో మూత్రపిండమును పరీక్షించి, రక్తనాళముల కొనలయందు కొమ్మకు కాయలవలె వ్రేలాడు చిన్న ఉండలను చూచెను. అవి ఎందుకో ఆయనకు నిర్ధారణ కాలేదు. 1842లో లండనులో విలియం బౌమన్ అను ఇరువది అయిదేండ్ల వైద్యుడు, ఆ ఉండలు ఒక్కొక్కటి ఒక చిన్న గిన్నెలో కూర్చుండి యున్నవనియు, ఆ గిన్నె అడుగు నుండియే మూత్రమును కొనిపోవు సన్నని నాళిక బయలుదేరుచున్నదనియు చూపెను. ఉండ అనగా వెండ్రుకకంటె సన్ననైన రక్తనాళములు దారపు ఉండవలె చుట్టుకొనినది. ఉండ, గిన్నె, నాళిక, ఈ మూడును కలిసి ఒక నెఫ్రాను. ఒక్కొక్క మూత్రపిండములో ఇట్టివి సుమారు పది లక్షలు కలవు. ఒక్కొక్క నాళిక పొడవు మూడు మొదలు అయిదు సెంటీమీటర్లు. రెండు మూత్రపిండములలోని నాళికలను కొనలు కలిపి పరచినచో విజయవాడ నుండి ఏలూరు వరకు సాగును.

ఈ పది లక్షల లెక్క అందరికి ఒకటి కాదు. కొందరికి అందులో సగము కూడ ఉండవు. కొందరికి రెట్టింపు ఉండును. ఎవరికి ఎన్ని అను విషయము తల్లి కడుపులో ఉండగనే చాలవరకు తేలిపోవును. పుట్టిన తరువాత క్రొత్త నెఫ్రాను ఒక్కటి గూడ పుట్టదు. గర్భిణికి తిండి చాలక బిడ్డ తక్కువ బరువుతో పుట్టినచో, ఆ బిడ్డ తక్కువ నెఫ్రానులతో జీవయాత్ర ప్రారంభించును. ఏబది ఏండ్లకు వచ్చు రక్తపుపోటునకు మూలము కొన్నియెడల అక్కడ ఉండుట కలదు.

ఇక పని. నెత్తురు పోటుతో ఆ ఉండలోనికి వచ్చును. ఉండలోని నాళముల గోడలు మిక్కిలి సన్నని జల్లెడ వంటివి. ఎఱ్ఱకణములును, మాంసకృత్తుల పెద్ద అణువులును ఆ జల్లెడలో దూరలేక నెత్తురులోనే నిలిచిపోవును. నీరు, ఉప్పు, చక్కెర, యూరియా, త్రాగిన మందు, తిన్న విషము మొదలైన చిన్న అణువులన్నియు వడిసి గిన్నెలో పడును. ఇట్లు వడియు ద్రవము నిమిషమునకు సుమారు 125 మిల్లీలీటర్లు. దినమునకు 180 లీటర్లు. కిరసనాయిలు పీపా ఇంచుమించు నిండును. కాని మనము దినమునకు విడుచు మూత్రము లీటరున్నర మాత్రమే. తక్కిన 178 లీటర్లు ఏమైనవి?

దీని మీదనే పండితులలో పెద్ద వివాదము నడిచినది. మూత్రపిండము వట్టి వడపోత గుడ్డయా, లేక లాలాజలమును గ్రంథులు ఊరించినట్లు మూత్రమును ఊరించునా అని. 1840 ప్రాంతములలో జర్మనీలో కార్ల్ లూడ్విగ్ వడపోత వాదమును ముందుకు తెచ్చెను. ఎదుటి పక్షము వారు ఎనుబది ఏండ్లు ఒప్పుకొనలేదు. 1920 తరువాత అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రిచర్డ్స్, వేర్న్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కప్ప మూత్రపిండములోని ఒకే ఒక గిన్నెలోనికి వెండ్రుకవంటి గాజుసూదిని పోనిచ్చి, అందులోని ద్రవమును చుక్కలో వందవ వంతు బయటికి తీసి పరీక్షించిరి. అందులో చక్కెర ఉన్నది! అదే కప్ప మూత్రాశయములోని మూత్రములో చక్కెర లేదు. అనగా చక్కెర వడిసి గిన్నెలో పడుట నిజము. దారిలో నాళిక దానిని మరల నెత్తురులోనికి చేర్చుటయు నిజము. 1924లో ప్రకటితమైన ఆ పరిశోధనతో వివాదము చాలవరకు ముగిసినది. ఒక కప్ప, ఒక గాజుసూది, చెదరని చేయి, ఇంతటితో అంత పెద్ద తగవు తీరుట మాకు ఎప్పుడును ఆశ్చర్యముగనే తోచును.

సంక్రాంతికి ముందు ఇల్లు దులుపు ఇల్లాలిని శ్రోతలందరును చూచియేయుందురు. ఆమె అటక మీద పనికిరానిది ఏదియో వెదకి దానిని మాత్రము తీయదు. అటక మీదివన్నియు ముంగిట దింపించును. దింపించి, కావలసినవానిని ఒక్కటొక్కటిగా గుర్తుపట్టి లోనికి చేర్చును. మిగిలినది భోగిమంటలోనికి పోవును. మూత్రపిండముల పద్ధతియు ఇదియే. అవి చెడును వెదకి పారవేయుట లేదు. అన్నిటిని బయటపెట్టి మంచిని తిరిగి తెచ్చుకొనుచున్నవి. దినమునకు కిలోన్నరకు సమానమైన ఉప్పు ఈ గిన్నెలలోనికి వడియును. అందులో మనము ఆనాడు తిన్నంత, పది గ్రాములకు అటునిటుగా, బయటికి పోయి తక్కినదంతయు మరల నెత్తురును చేరును.

ఇది వృథాశ్రమ కాదా అని అనవచ్చును. కాదు. చెడును వెదకి పట్టవలెనన్నచో లోకములో ఉన్న విషములన్నిటిని ముందుగ ఎరిగి యుండవలెను. నిన్న కనుగొనిన మందును, రేపు తయారగు రసాయనమును మన శరీరము ఎట్లు ఎరుగును? మంచిని గుర్తుపట్టుట సులభము, ఏలయనగా మంచివి కొద్ది. గుర్తుపట్టనిది తనంతట బయటనే మిగిలిపోవును. ఇంతేకాక కొన్నిటిని నాళికలు తామే పూని బయటికి నెట్టుచుండును. పెన్సిలిన్ అట్టిది. 1941లో ఆక్స్‌ఫర్డులో ఒక రోగికి మొదటిసారి ఆ మందు ఇచ్చినప్పుడు, లోకములో ఉన్న నిలువ అంతయు కొద్ది గ్రాములు. రోగి మూత్రపిండములు ఇచ్చినదానిని ఇచ్చినట్లు బయటికి పంపుచుండగా, వైద్యులు అతని మూత్రమును పట్టి, అందులోని మందును వేరుచేసి, మరల అతనికే ఇచ్చిరి. అయినను మందు చాలక ఆ రోగి మరణించెను.

తిరిగి తెచ్చుకొను శక్తికి గూడ ఒక హద్దు కలదు. 100 మిల్లీలీటర్ల నెత్తురులో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటినచో నాళికలు అంతటిని చేదుకొనజాలవు. మిగిలినది మూత్రములోనికి జారును. మూత్రమునకు చీమలు పట్టుటను చూచి మన పూర్వులు మధుమేహమును గుర్తించుట ఇందుచేతనే. అయితే చీమలు పట్టువరకు వేచియుండుట ఇప్పటి కాలమునకు తగదు. అప్పటికి చక్కెర ఎన్నియేండ్లుగా నెత్తురులో ఎక్కువై యున్నదో చెప్పలేము.

నీటి విషయములో మూత్రపిండముల జాగ్రత్త చూడదగినది. రెంటచింతల ఎండలో పొలము పనిచేసిన వానికి చెమటతో నీరు పోవును. నెత్తురు రవంత చిక్కబడును. మెదడు అడుగున ఉన్న చిన్న గ్రంథి నుండి ఒక స్రావము వచ్చి, నీటిని విడువవద్దని నాళికలకు ఆజ్ఞ యిచ్చును. మూత్రము కొంచెమై, చిక్కనై, పసుపు పచ్చనగును. కాని ఎంత పొదుపు చేసినను దినమునకు అరలీటరు మూత్రమైన పోక తప్పదు; అంతకు లోపల మలినములు కరగవు. సముద్రము మీదికి పోవు బెస్తవారు చుట్టును నీరే యుండగా పడవలో మంచినీటి కుండ పెట్టుకొని పోవుటకు కారణము ఇక్కడ ఉన్నది. లీటరు సముద్రజలము త్రాగినవాడు, అందులోని ఉప్పును బయటికి పంపుటకు సుమారు లీటరున్నర నీటిని వ్యయపరచవలెను. త్రాగినకొలది దప్పిక పెరుగును.

యూరియాను గూర్చి రైతులకు మేము చెప్పవలసినది లేదు. పొలములో చల్లు ఆ తెల్లని గుళికలును, మన మూత్రములోని యూరియాయు ఒకటే పదార్థము. మనము తినిన పప్పు, పాలు, చేప, మాంసములలోని మాంసకృత్తులు ఖర్చయిన తరువాత మిగులు నత్రజనిని కాలేయము యూరియాగ మార్చును. మూత్రపిండములు దానిని దినమునకు 25, 30 గ్రాముల చొప్పున బయటికి పంపును. 1828లో వోలర్ అను జర్మను రసాయనజ్ఞుడు దీనిని మూత్రపిండముల తోడు లేకుండ గాజుపాత్రలో తయారుచేయగలిగినప్పుడు ఆ కాలమువారు విస్తుపోయిరి.

యూరియాకంటె అపాయకరమైనది మరియొకటి కలదు: పొటాషియము. ఇది పండ్లలో, కూరలలో, కొబ్బరినీటిలో సమృద్ధిగా ఉన్నది. ఆరోగ్యవంతునకు మేలే చేయును. మూత్రపిండములు దుర్బలమైన వానికి ఇది నెత్తురులో నిలువచేరి గుండెను ఆపివేయగలదు. ఈ సంగతి మాకు పుస్తకముల వలన గాక ఇంటి అనుభవము వలన పట్టువడినది. మా బంధువులలో కోనసీమకు చెందిన ఒక పెద్దమ్మ కాళ్ల వాపుతో ఆసుపత్రిలో చేరినది. మూత్రపిండముల బలము తగ్గినదని చెప్పిరి. చూడవచ్చిన వారందరును చలువ చేయునని కొబ్బరి బొండములు తెచ్చిరి. ఆమె వలదనలేక దినమునకు మూడేసి త్రాగినది. మూడవనాటి రాత్రి లేచి కూర్చుండలేకపోయినది; కాళ్లు చేతులు స్వాధీనములో లేవు; నాడి నిమిషమునకు నలుబదికి పడిపోయినది. నెత్తురు పరీక్ష చేసి, అర్ధరాత్రి యంత్రము మీద రక్తశుద్ధి చేసి బ్రతికించిరి. బొండములు తెచ్చినవారిలో మేమును ఉంటిమి. తెల్లవారి ఆ పెద్దమ్మ, "పోనీలెండి నాయనా, ప్రేమతో తెచ్చితిరి గదా" అని అన్నప్పుడు మాకు తల ఎత్తుటకు లేకపోయినది.

మలినములను పంపుటయే గాక మూత్రపిండములు మరి కొన్ని పనులు చేయుచున్నవి. నెత్తురు పోటును హెచ్చుతగ్గులు కాకుండ కాపాడు ఒక పదార్థమును పుట్టించును. ఎముకలలోని మూలుగునకు ఎఱ్ఱకణములను తయారుచేయుమని కబురు పంపును. ఎండ వలన చర్మములో పుట్టు విటమిన్ డిని పనికివచ్చు రూపమునకు తెచ్చి ఎముకలను గట్టిపరచును. మూత్రపిండ రోగులు పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడుటకు ఆ కబురు అందకపోవుట ఒక ముఖ్య కారణము.

తయారైన మూత్రము ఒక అడుగుకు కొంచెము తక్కువ పొడవుగల మూత్రనాళములలో దిగును. దిగునన్నమాటయే గాని అది జారుట కాదు. నాళపు గోడలు వానపామువలె ముడుచుకొనుచు, విచ్చుకొనుచు దానిని నెట్టును. అందుచేతనే పండుకొనియున్నను, శీర్షాసనము వేసినను పని ఆగదు. ఆ నాళము మూత్రాశయములోనికి ఏటవాలుగ ప్రవేశించును గనుక, ఆశయము నిండినప్పుడు దారి తానే మూసికొనును. మూత్రము వెనుకకు పోదు. కొందరు పిల్లలలో ఈ అమరిక సరిగా నుండక, మాటిమాటికి జ్వరము వచ్చును, అట్టివారిని ఉపేక్షించరాదు. మూత్రాశయము అరలీటరు దాక పట్టును. అందులో సగమునకే మనకు తొందర తెలియును. అక్కడ నుండి బయటికి పోవు దారి పురుషులలో ఇరువది సెంటీమీటర్లు, స్త్రీలలో నాలుగు మాత్రమే. బయటి సూక్ష్మజీవులు స్త్రీలకు సులభముగా సోకుటకు ఇది కారణము. బడిలో శుభ్రమైన మరుగు లేక, నీరు త్రాగుట మాని, సాయంకాలము వరకు బిగబట్టుకొను ఆడపిల్లలు ఇప్పటికిని ఉన్నారు. ఇది వైద్యులు ఒంటరిగా కుదుర్చగల రోగము కాదు.

రాళ్లను గూర్చి ఒక్క మాట. మూత్రము చిక్కబడినప్పుడు అందులోని సున్నపు లవణములు పటికబెల్లమువలె గట్టిపడును. ఆ రాయి నాళములోనికి దిగినప్పుడు కలుగు నొప్పి ప్రసవవేదన వంటిదని రెంటిని ఎరిగినవారు చెప్పుదురు. చిన్న రాళ్లు చాలవరకు తామే పడిపోవును. ఉలవకట్టు త్రాగినందున పడినదని, కొండపిండి ఆకు తిన్నందున పడినదని అందురు. వానితో పాటు త్రాగిన నీటికి గూడ ఆ ఘనతలో వాటా ఇవ్వవలెను. దినమునకు రెండు లీటర్లకు పైగా మూత్రము వచ్చునంత నీరు త్రాగువారికి రాయి మరల కట్టుట తగ్గును.

ఇక మొదట చెప్పిన మాటకు వత్తుము. చెడిపోవు మూత్రపిండము చాలవరకు నొప్పి పుట్టించదు. పదిమంది కూలీలు చేయు పనిని నలుగురు చేసి సాయంకాలమునకు పూర్తిచేసినచో, ఆరుగురు రాలేదని యజమానునికి ఎట్లు తెలియును? నెఫ్రానులు చనిపోయినకొలది మిగిలినవి పెరిగి వాని పనిని నెత్తికెత్తుకొనును. నూటికి ముప్పది మిగిలినను మనిషి తిరుగును, తినును, పెండ్లిండ్లకు పోవును. ఆకలి మందగించుట, వాంతి, దురద, ఆయాసము వచ్చునప్పటికి పదిహేనో, పదియో మిగిలియుండును. పైగా అధికభారము మోయు నెఫ్రానులు తాము త్వరగా అలసి చచ్చును.

కనుక నొప్పిని గాక నెత్తురును అడుగవలెను. కండరముల అరుగుదల నుండి వచ్చు క్రియాటినిన్ అను పదార్థము సాధారణముగా డెసిలీటరునకు 1.2 మిల్లీగ్రాములకు మించదు. అది ఒకటి నుండి రెండయినచో "ఒకటే గదా పెరిగినది" అని కొందరు ఊరడిల్లుదురు. లెక్క అట్లు కాదు. ఒకటి రెండగుట అనగా బలములో ఇంచుమించు సగము పోయినదని అర్థము. రెండు నాలుగగుట అనగా మిగిలిన సగములో మరల సగము పోయినదని. బక్కపలుచని వృద్ధురాలికి 1.2 ఉన్నను అప్పటికే తరుగుదల ఉండవచ్చును. కండ తక్కువ గనుక అంకె తక్కువగా కనబడును. రెండవది మూత్రములో ఆల్బుమిను పరీక్ష. జల్లెడ చిరిగినచో మాంసకృత్తులు బయటికి పోవును. విడువని నురుగునకు అదియే కారణము. మధుమేహము గాని, రక్తపుపోటు గాని ఉన్నవారు ఏటికి ఒక్కసారి ఈ రెండు పరీక్షలు చేయించుకొనవలెను. మన దేశములో మూత్రపిండములు చెడుటకు ఈ రెండు రోగములే పెద్ద కారణములు.

అయితే ఈ రెండును లేకయే చెడిన ప్రాంతము మన తెలుగునాటనే ఉన్నది. శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు అంచున, కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో వ్యాపించిన ఉద్దానము కొబ్బరితోటలకు, జీడితోటలకు పేరుపొందిన సీమ. అక్కడ కొన్ని దశాబ్దములుగా మధుమేహము లేని రైతులు, కూలీలు నడివయసులోనే మూత్రపిండములు చెడి మరణించుచున్నారు. శ్రీలంకలోని ఉత్తర మధ్య ప్రాంతములోను, మధ్య అమెరికాలో చెరకుతోటలలోను ఇట్టి వ్యాధియే కనబడినది. త్రాగునీటిని, పురుగుమందులను, ఎండలో నీరు చాలక చేయు కష్టమును శాస్త్రజ్ఞులు అనుమానించుచున్నారు. ఏ ఒక్కదాని మీదను నేరము రుజువు కాలేదు. ఈ వ్యాధి జల్లెడను గాక ముందు నాళికలను పట్టును. అందుచేత మూత్రములో ఆల్బుమిను అంతగా కనబడకయే రోగము ముదురును. క్రియాటినిన్ చూడనిదే పట్టుబడదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రిని, పరిశోధన కేంద్రమును తెరచి, వంశధార జలమును ఆ గ్రామములకు తెచ్చు పథకమును ప్రారంభించిరి.

కొన్ని ఆపదలు ఏండ్లు తీసికొనవు, గంటలలో వచ్చును. రక్తపింజరి కాటు అట్టిది. కంటిచూపు బాగగునని రోహు, కట్ల చేపల పచ్చి పిత్తపు తిత్తిని మ్రింగుట మరియొకటి. ఆ ఒక్క తిత్తితో మూత్రము బందయి ఆసుపత్రికి చేరినవారు కలరు. ఇట్టివారిలో చెడునది ముఖ్యముగా నాళికల లోపలి పొర. అదృష్టవశమున ఆ పొర మరల పెరుగగలదు. రెండుమూడు వారములు యంత్రము మీద నడిపినచో చాలమంది కోలుకొందురు. ఒంటినొప్పులకు అంగడిలో కొనితెచ్చుకొను బిళ్లలు ఈ రెండు తెగలకును చెందినవి. ఎండదెబ్బలోనో, విరేచనములలోనో వేసికొన్నచో వెంటనే దెబ్బతీయును. ఏండ్ల తరబడి దినదినము మ్రింగినచో మెల్లగా తినివేయును.

ఆ యంత్రమును మొదట చేసినవాడు విల్లెం కాల్ఫ్ అను డచ్చి వైద్యుడు. 1943లో జర్మనుల ఆక్రమణలో ఉన్న హాలెండులోని కాంపెన్ అను చిన్న ఊరిలో, మాంసపు వంటకమునకు తొడుగుగా వాడు సెల్లోఫేను గొట్టమును ఒక పీపాకు చుట్టి, అందులో నెత్తురును పారించి, పీపాను ఉప్పునీటి తొట్టిలో త్రిప్పెను. మొదటి రోగులు దక్కలేదు. 1945లో ఒక 67 ఏండ్ల వృద్ధురాలు కన్నులు తెరచినది. ఈనాడు జిల్లా ఆసుపత్రులలో సైతము అట్టి చికిత్స లభించుచున్నది. కాని వారమునకు మూడుమారులు, మారునకు నాలుగు గంటలు, వెరసి పండ్రెండు గంటలు. వారములోని 168 గంటలును పనిచేయు అవయవమునకు అది పూర్తి బదులు కాదు. ఎఱ్ఱకణముల కబురు యంత్రము పంపదు. దానికి సూదిమందు వేరుగా ఇవ్వవలెను. వారమునకు మూడు దినములు పని మానుకొని బస్సెక్కు కూలివాని కష్టము చెప్పనక్కరలేదు.

రెండవ మార్గము మార్పిడి. 1954 డిసెంబరు 23న బోస్టనులో జోసెఫ్ ముర్రే కవలలలో ఒకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి బ్రతికించెను. 1990లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. మన దేశములో ఈ చికిత్స 1971లో వెల్లూరులో సఫలమైనది. 1994 నాటి చట్టము మూత్రపిండమును అమ్ముటను, కొనుటను నేరముగ చేసినది; ఇచ్చువారు చాలవరకు దగ్గరి బంధువులు. తల్లులును, భార్యలును ఎక్కువగా ఇచ్చుచుండుటయు, భర్తలు ఇచ్చుట తక్కువగా ఉండుటయు ఆసుపత్రులలో తిరుగువారెవరికైన కనబడును. దాతకు మిగిలిన ఒక్క మూత్రపిండము కొద్ది నెలలలో పెరిగి, వెనుక రెండును కలిసి చేసిన పనిలో నూటికి డెబ్బది పాళ్ల వరకు తానే చేయును.

క్రొత్త మూత్రపిండమును పాతదాని చోట పెట్టరు. పాతవానిని సాధారణముగా అక్కడనే ఉంచి, క్రొత్తదానిని పొత్తికడుపులో, ముందువైపున, కాలికి పోవు రక్తనాళములతో కలిపి కుట్టుదురు. మంచులో ఉంచి తెచ్చినది గనుక అది పాలిపోయి, చల్లగా ఉండును. నాళములకు వేసిన బిగింపులను విప్పగనే నెత్తురు ప్రవేశించి గులాబి రంగు తిరుగును; చేతికి వెచ్చదనము తగులును. అప్పుడు గదిలోని వైద్యులు, నర్సులు అందరును ఇంకను కుట్టని మూత్రనాళపు కొనవైపు చూచుచుందురు. బంధువు ఇచ్చిన మూత్రపిండమైనచో తరచుగా కొద్ది నిమిషములలోనే ఆ కొనను మొదటి చుక్క మూత్రము కనబడును.